సముద్రంలో సిగ్నల్ పోయాక ఏది పనిచేస్తుంది? బోటుకి శాటిలైట్ బీకన్ ఎలా ఎంచుకోవాలి

వాట్సాప్‌లో మావయ్య లైవ్ లొకేషన్ చివరిసారి అప్‌డేట్ అయింది తెల్లవారుజామున 4:12కి. ఆ తర్వాత నీలం చుక్క కదల్లేదు.

మా మావయ్యది కాకినాడ. ఫైబర్ బోటు ఉంది, వేటే ఆయన జీవనం. రెండేళ్ల క్రితం నవంబర్‌లో నలుగురు మనుషులతో భైరవపాలెం అవతలికి వేటకి వెళ్ళారు. సాయంత్రానికి రావాల్సిన బోటు రాలేదు. నేను హైదరాబాద్‌లో ఆఫీసులో కూర్చుని, ఆ చుక్కని జూమ్ చేసి చూస్తూ, ఫోన్ రింగ్ చేస్తూ ఉన్నాను. అత్త మాత్రం రేవులో నిలబడి వచ్చిన ప్రతి బోటునీ అడుగుతోంది.

గేర్‌బాక్స్ పోయిందని తర్వాత తెలిసింది. 31 గంటలు అలా కొట్టుకుపోయారు. మేమందరం ఆయన ఎప్పుడూ వల వేసే చోటు చుట్టూ వెతికించాం. ఆయన దొరికింది అక్కడ కాదు, ఓడలరేవుకి ఎదురుగా, బాగా లోపల. అంతర్వేది వైపు నుంచి వచ్చిన బోటు వాళ్ళు చూసి తాడు కట్టి లాక్కొచ్చారు. అందరూ క్షేమంగానే వచ్చారు. అదృష్టం, అంతే.

ఆ వారమే డిసైడయ్యాను, మావయ్య బోటుకి ఒక మంచి శాటిలైట్ బీకన్ కొనిపెట్టాలని. ఫోన్ కొనడానికి నేను మూడు నెలలు రీసెర్చ్ చేసే టైపు. దీనికీ అలాగే చేశాను. మధ్యలో ఒక పెద్ద తప్పు చేయబోయి ఆగాను. ఆ రీసెర్చ్ అంతా ఈ ఆర్టికల్. మీ ఇంట్లో ఎవరైనా వేటకి వెళ్తుంటే, లేదా మీకే బోటింగ్ సరదా ఉంటే, పూర్తిగా చదవండి.

ముందు ఫోన్ ఎందుకు చచ్చిపోతుందో చూద్దాం

చాలామంది "నెట్‌వర్క్ వీక్" అనుకుంటారు. అసలు అడ్డం భూమి గుండ్రంగా ఉండటం. రేడియో సిగ్నల్ ఎంత దూరం వెళ్తుందో చెప్పే ఒక సింపుల్ ఫార్ములా ఉంది: యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే వచ్చేది రేడియో హొరైజన్, కిలోమీటర్లలో.

బోటు మీద నిలబడి ఫోన్ పట్టుకుంటే ఎత్తు సుమారు 2 మీటర్లు. అంటే 5.8 కిలోమీటర్లు. ఒడ్డున టవర్ 40 మీటర్లు అనుకుంటే దాని వాటా 26 కిలోమీటర్లు. రెండూ కలిపితే దాదాపు 32. ఇది కాగితం మీద లెక్క. ఫోన్ ట్రాన్స్‌మిట్ పవర్ తక్కువ, టవర్ యాంటెన్నాలు ఊళ్ళ వైపు తిప్పి ఉంటాయి, అలలు ఊపేస్తుంటాయి. అందుకే తీరం నుంచి 10, 12 కిలోమీటర్లు దాటాక మొబైల్ మీద ఆశ పెట్టుకోవద్దని ప్రభుత్వమే చెబుతుంది.

వీహెచ్‌ఎఫ్ సెట్‌కీ ఇదే రూలు. రెండు బోట్ల మీద 4 మీటర్ల ఎత్తులో యాంటెన్నాలు ఉంటే ఒక్కోదానికి 8.2, మొత్తం 16 కిలోమీటర్ల పైచిలుకు. ఆ లోపల ఎవరైనా 16వ ఛానల్ వింటుంటే బతికినట్టే. లేకపోతే మీ కేక మీకే.

శాటిలైట్‌కి ఈ గొడవ లేదు. అది నెత్తి మీద ఉంటుంది. మధ్యలో అడ్డం వచ్చేది ఏమీ లేదు.

మీరు కొనేది గ్యాడ్జెట్ కాదు, వెతికే జాగా తగ్గించడం

ఇది నాకు కాస్త లేటుగా అర్థమైంది. బ్యాటరీ ఎంత, డిస్‌ప్లే ఉందా, బ్లూటూత్ ఉందా అని పోల్చుకుంటూ కూర్చున్నాను. కానీ కోస్ట్ గార్డ్ వైపు నుంచి చూస్తే వాళ్ళకి కావాల్సినవి రెండే: ఎవరో ఆపదలో ఉన్నారన్న కబురు, ఎక్కడ ఉన్నారన్న పొజిషన్.

లెక్క చూడండి. "భైరవపాలెం అవతల 30 కిలోమీటర్ల లోపు ఎక్కడో" అంటే వెతకాల్సిన వైశాల్యం 2,800 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. కోనసీమ జిల్లా మొత్తం కన్నా ఎక్కువ. జీపీఎస్ లేని పాతరకం బీకన్ ఉన్నా, శాటిలైట్ డాప్లర్ లెక్కతో సుమారు 5 కిలోమీటర్ల లోపు చెప్పగలదు. అప్పుడు 78 చదరపు కిలోమీటర్లు. జీపీఎస్ ఉన్న బీకన్ 100 మీటర్ల లోపు చెబుతుంది. అది ఎనిమిదెకరాల చేను కన్నా తక్కువ. జిల్లా అంతా వెతకడానికీ, ఒక చేను వెతకడానికీ ఉన్న తేడా అది.

పైగా బోటు ఒక చోట ఆగదు. ఒక నాట్ వేగంతో కొట్టుకుపోయినా పది గంటల్లో 18 కిలోమీటర్లు. ఎటు పోతుందనేది సీజన్‌ని బట్టి ఉంటుంది. మన తూర్పు తీరం వెంట ప్రవాహం సుమారు ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అంటే విశాఖ వైపు పోతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి తిరుగుతుంది. మావయ్య బోటు నవంబర్‌లో ఓడలరేవు వైపు పోవడానికి కారణం ఇదే. మేము వెతికిన చోట ఆయన ఉండే అవకాశమే లేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ దగ్గర, కొట్టుకుపోయిన బోటు ఎక్కడ ఉండొచ్చో అంచనా వేసే సారట్ అనే టూల్ ఉంది. కానీ దానికీ మొదలు ఒక లొకేషన్, ఒక టైమ్ కావాలి. బీకన్ ఇచ్చేది అదే.

కాబట్టి ప్రతి డివైస్‌కీ మూడే ప్రశ్నలు వేద్దాం. నొక్కితే ఎవరికి వినిపిస్తుంది? వాళ్ళకి నా పొజిషన్ కూడా వెళ్తుందా? నేను నొక్కే సమయానికి అది నా చేతికి అందుతుందా?

ఈపీఐఆర్‌బీ: బోటు కోసం

ఓడల్లో తప్పనిసరిగా ఉండే బీకన్ ఇది. నీళ్ళలో తనంతట తాను నిలువుగా తేలుతుంది. 406 మెగాహెర్ట్జ్ మీద 5 వాట్ల పవర్‌తో, సుమారు 50 సెకన్లకి ఒకసారి, అర సెకను పాటు ఒక చిన్న డేటా బరస్ట్ పంపుతుంది. కనీసం 48 గంటలు ఆగకుండా పంపాలి, అది రూలు. దగ్గరికి వచ్చిన హెలికాప్టర్ గానీ నౌక గానీ దిశ పట్టుకోవడానికి 121.5 మెగాహెర్ట్జ్ మీద ఇంకో సిగ్నల్ కూడా వదులుతుంది. రాత్రి కనిపించడానికి ఫ్లాష్ లైట్ ఉంటుంది.

ఈ సిగ్నల్ వినేది కాస్పాస్-సార్‌శాట్ అనే అంతర్జాతీయ వ్యవస్థ. కోల్డ్ వార్ రోజుల్లో, 1979లో, అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్స్ కలిసి మొదలుపెట్టాయి. 1982లో మొదటిసారి మనుషుల్ని కాపాడింది. ఇప్పటికి ఆ సంఖ్య యాభై వేలు దాటింది. సబ్‌స్క్రిప్షన్ లేదు, నెల బిల్లు లేదు. ఒకప్పుడు సుమారు 850 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే శాటిలైట్లు వినేవి, అది మన నెత్తి మీదకి వచ్చేదాకా ఆగాలి. ఇప్పుడు జీపీఎస్, గెలీలియో లాంటి నావిగేషన్ శాటిలైట్ల మీదే ఈ రిసీవర్లు ఉన్నాయి. అవి ఒకేసారి చాలా కనిపిస్తాయి కాబట్టి నిమిషాల్లో పని అయిపోతుంది.

మన దేశంలో ఈ అలర్ట్ బెంగళూరులో ఇస్రో నడిపే ఇండియన్ మిషన్ కంట్రోల్ సెంటర్‌కి చేరుతుంది. అక్కడి నుంచి కోస్ట్ గార్డ్ వాళ్ళ మారిటైమ్ రెస్క్యూ కోఆర్డినేషన్ సెంటర్‌కి. తూర్పు తీరానికి అది చెన్నైలో ఉంది. అక్కడి నుంచి దగ్గర్లో ఉన్న నౌకకో, విమానానికో ఆర్డర్ వెళ్తుంది.

ఇందులో రెండు రకాలు. కేటగిరీ 1 బ్రాకెట్‌లో హైడ్రోస్టాటిక్ రిలీజ్ యూనిట్ ఉంటుంది. బోటు మునిగి 1.5 నుంచి 4 మీటర్ల లోతుకి వెళ్ళగానే నీటి ఒత్తిడికి అది తెగి, బీకన్ పైకి తేలి, దానంతట అదే ఆన్ అవుతుంది. మీరు స్పృహలో లేకపోయినా సరే. కేటగిరీ 2 అయితే చేత్తో తీసుకోవాలి. చిన్న ఫైబర్ బోట్లు తిరగబడతాయి గానీ ఒక్కోసారి పూర్తిగా మునగవు. అలాంటప్పుడు నీళ్ళ ఒత్తిడి మీద ఆధారపడే కేటగిరీ 1 బ్రాకెట్ విడిపోకపోవచ్చు. కాబట్టి చిన్న బోటుకి కేటగిరీ 2 తీసుకుని, సరంగు చేతికి అందేలా పెట్టడం మేలు. పెద్ద మర బోట్లకి కేటగిరీ 1.

పీఎల్‌బీ: మనిషి కోసం

ఇదే టెక్నాలజీ జేబులో పట్టే సైజులో. లైఫ్ జాకెట్‌కి తగిలించుకోవచ్చు. ఓషన్ సిగ్నల్ పీఎల్‌బీ1, ఏసీఆర్ రెస్‌క్యూలింక్ లాంటివి పేరున్న మోడల్స్. విదేశాల్లో సుమారు 300 నుంచి 450 డాలర్ల మధ్య ఉంటాయి. తేడాలు గుర్తుపెట్టుకోండి: కనీస టైమ్ 48 కాదు, 24 గంటలు. దానంతట అది ఆన్ అవదు. యాంటెన్నా విప్పి, ఆకాశం వైపు పట్టుకుని ఉండాలి. అలల్లో ఒక చేత్తో తేలుతూ ఇంకో చేత్తో దాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో ఊహించుకోండి. ఒంటరిగా కయాక్ వేసుకెళ్ళే వాళ్ళకి బాగుంటుంది. ఐదుగురు ఉన్న బోటుకి ఇదొక్కటే చాలదు.

డాట్: మనవాళ్ళ కోసం ఇస్రో చేసింది

డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్. ఇస్రో తయారుచేసింది, 2010 నుంచి వాడుకలో ఉంది. ఇస్రో చెప్పిన లెక్క ప్రకారం 20 వేలకు పైగా డివైస్‌లు బోట్లలోకి వెళ్ళాయి. ఇది మన శాటిలైట్ ద్వారానే ఇండియన్ మిషన్ కంట్రోల్ సెంటర్‌కి వెళ్తుంది, అక్కడి నుంచి కోస్ట్ గార్డ్‌కి. అంటే చివరికి చేరే చోటు ఈపీఐఆర్‌బీదీ దీనిదీ ఒకటే. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం, ఏ ఆపదో కూడా చెప్పగలగడం: మంటలా, బోటు మునుగుతోందా, మనిషి నీళ్ళలో పడ్డాడా, వైద్య సాయం కావాలా అని.

పాత డాట్‌లో ఒక లోటు ఉండేది. నొక్కుతారు. విన్నారో లేదో తెలీదు. చీకట్లో, వానలో, ఆ తెలియకపోవడమే సగం చంపేస్తుంది. 2024 జనవరిలో ఇస్రో ప్రకటించిన రెండో తరం డాట్-ఎస్‌జీలో ఇది సరిచేశారు. "మీ అలర్ట్ అందింది" అని తిరిగి జవాబు వస్తుంది. తుపాను, సునామీ హెచ్చరికలు ముందే వస్తాయి. చేపలు దొరికే ప్రాంతాల సమాచారం కూడా ఇస్తుంది. బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపితే యాప్‌లో మన భాషలోనే చదువుకోవచ్చు. ఫోన్‌కి నెట్‌వర్క్ అక్కర్లేదు, అది ఇక్కడ కేవలం స్క్రీన్.

ట్రాన్స్‌పాండర్: సర్కారు బిగించేది

2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధాని మొదలుపెట్టిన వెసెల్ కమ్యూనికేషన్ అండ్ సపోర్ట్ సిస్టమ్ ఇది. 364 కోట్ల రూపాయలతో లక్ష వేట బోట్లకి ట్రాన్స్‌పాండర్లు పెట్టాలన్నది ప్లాన్. దీనికి నభ్‌మిత్ర అనే యాప్ ఉంది. రెండువైపులా చిన్న మెసేజ్‌లు పంపుకోవచ్చు, ఎస్‌ఓఎస్ ఉంది, సముద్ర సరిహద్దు దగ్గరికి వెళ్తే హెచ్చరిస్తుంది. "ఇంజన్ ఆగిపోయింది, అందరం బాగున్నాం" అని ఇంటికి ఒక కబురు చేరడం ఎంత పెద్ద విషయమో మా అత్తని అడగండి.

దీని హద్దు ఏంటంటే, ఇది బోటుకి బిగించిన యూనిట్. బోటు మునిగిపోతే అది మీతో పాటు నీళ్ళలో తేలుతూ రాదు. కాబట్టి దీన్ని బీకన్‌కి తోడుగా చూడాలి, బదులుగా కాదు.

జెమినీ: ఇది వినడానికే, పిలవడానికి కాదు

ఇక్కడ చాలామంది పొరబడతారు. 2017 ఓఖీ తుపానులో ఒడ్డుకి దూరంగా ఉన్న మత్స్యకారులకి హెచ్చరిక చేర్చలేకపోయాం. ఆ అనుభవం తర్వాత ఇన్‌కాయిస్, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి 2019లో జెమినీ తెచ్చాయి. గగన్ శాటిలైట్ల నుంచి వాతావరణ హెచ్చరికలు తీసుకుని ఫోన్‌కి ఇస్తుంది. చాలా ఉపయోగపడే వస్తువే. కానీ సమాచారం ఒకే దిశలో వస్తుంది. దాన్నుంచి మీరు ఎస్‌ఓఎస్ పంపలేరు. "మా దగ్గర శాటిలైట్ డబ్బా ఉంది" అని ఎవరైనా అంటే, అది పంపేదా, అందుకునేదా అని ముందు అడగండి.

హెచ్చరిక విలువ మన జిల్లాలకి చెప్పక్కర్లేదు. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమని కొట్టిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. సముద్రం మీద ఉన్నవాళ్ళు వందల్లో గల్లంతయ్యారు. ఆ రోజు బోటులో ఉన్నవాళ్ళకి చెప్పే దారి లేదు, వాళ్ళు చెప్పుకునే దారీ లేదు.

నేను చేయబోయిన తప్పు: శాటిలైట్ మెసెంజర్

యూట్యూబ్‌లో చూస్తే అందరూ గార్మిన్ ఇన్‌రీచ్ అంటారు. టెక్స్ట్ పంపొచ్చు, ట్రాకింగ్ ఉంది, ఎస్‌ఓఎస్ ఉంది. నేను ఫిదా అయిపోయాను. అమెరికాలో ఉన్న ఫ్రెండ్‌కి "వచ్చేటప్పుడు ఒకటి తే" అని మెసేజ్ కూడా పెట్టేశాను.

తర్వాత తెలిసింది. అది ఇరిడియం శాటిలైట్ల మీద పనిచేస్తుంది. టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇరిడియం, తురాయా డివైస్‌లు మన దేశంలో దగ్గర పెట్టుకోవడమే నేరం. 2024 డిసెంబర్‌లో గోవా ఎయిర్‌పోర్ట్‌లో ఒక కెనడా రన్నర్‌ని బ్యాగ్‌లో ఇన్‌రీచ్ ఉందని ఆపేశారు. సముద్రంలో సెక్యూరిటీ చెకింగ్ ఇంకా గట్టిగా ఉంటుంది. మావయ్యని కాపాడదామని కొన్న వస్తువు ఆయన్ని స్టేషన్‌లో కూర్చోబెట్టి ఉండేది. ఫ్రెండ్‌కి వెంటనే వద్దని చెప్పాను.

ఐఫోన్ 14 నుంచి వచ్చిన శాటిలైట్ ఎమర్జెన్సీ ఎస్‌ఓఎస్ సంగతి కూడా అడుగుతారు. టెక్నాలజీ సూపర్. కానీ యాపిల్ దాన్ని దేశాల వారీగా ఇస్తుంది, 2022లో మొదలుపెట్టినప్పుడు మన దేశం ఆ లిస్ట్‌లో లేదు. మీ ఫోన్ మోడల్‌కి ఇండియాలో ఆన్ అయిందని యాపిల్ పేజీలో స్వయంగా చూసేదాకా, అది లేదనే అనుకుని బయల్దేరండి. ఉన్నా కూడా, తడి చేతులతో టచ్ స్క్రీన్ మీద శాటిలైట్ వైపు గురిపెట్టడం ఊగే బోటులో ఎలా ఉంటుందో ఆలోచించండి.

స్పెక్ షీట్‌లో ఏం చూడాలి

జీపీఎస్ తప్పనిసరి. వంద డాలర్లు తక్కువని పాత స్టాక్, జీపీఎస్ లేని పీస్ తీసుకోవద్దు. కేవలం 121.5 మీద పనిచేసే పాత బీకన్లు అసలే వద్దు. 2009 ఫిబ్రవరి 1 నుంచి శాటిలైట్లు ఆ ఫ్రీక్వెన్సీ వినడం మానేశాయి. ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్‌లో ఇంకా కనిపిస్తుంటాయి. లైట్ వెలుగుతుంది, ఎవరికీ వినపడదు.

బ్యాటరీ ఎక్స్‌పైరీ డేట్ చూడండి. మన ఫోన్లలా చార్జింగ్ పెట్టేవి కావు. మోడల్‌ని బట్టి 5 నుంచి 10 ఏళ్ళకి మార్చాలి. హైడ్రోస్టాటిక్ యూనిట్ అయితే రెండేళ్లకే. ఆ ఖర్చు కూడా కలిపి ధర లెక్కేసుకోండి.

రిటర్న్ లింక్ అనే ఫీచర్ కొత్త మోడల్స్‌లో వస్తోంది. 2020 జనవరి నుంచి గెలీలియో శాటిలైట్లు ఇస్తున్నాయి. మీ సిగ్నల్ అందిందని బీకన్ మీద ఒక లైట్ వెలుగుతుంది. మంచి ఫీచర్, కానీ రెండు విషయాలు. ఆ లైట్ అర్థం సిగ్నల్ అందిందని, నౌక బయల్దేరిందని కాదు. ఇండియా కోడ్‌తో అది పనిచేస్తుందో లేదో కొనేముందు రాతపూర్వకంగా అడగండి.

ఏఐఎస్ ఉన్న మోడల్స్ అయితే శాటిలైట్‌తో పాటు కొన్ని మైళ్ళ లోపల ఉన్న ఓడల స్క్రీన్ మీద కూడా మీ చుక్క కనిపిస్తుంది. కాకినాడ పోర్టుకి వచ్చిపోయే ఓడలు ఎక్కువ కాబట్టి మన దగ్గర ఇది పనికొస్తుంది.

కోడ్ 419: ఎవరూ చెప్పని ముఖ్యమైన విషయం

ప్రతి 406 బీకన్‌కీ 15 అక్షరాల హెక్స్ ఐడీ ఉంటుంది. అందులో దేశం కోడ్ దాగి ఉంటుంది. ఇండియాకి 419. అమెరికాలో కొన్న బీకన్‌లో సాధారణంగా అమెరికా కోడ్ ఉంటుంది. భైరవపాలెం దగ్గర దాన్ని నొక్కితే పొజిషన్‌ని బట్టి మనవాళ్ళకి అలర్ట్ వస్తుంది, నిజమే. కానీ ఇది ఎవరి బోటు, ఎంతమంది ఉన్నారు, ఇంటి నంబర్ ఏంటి అనే వివరాలు వేరే దేశపు రిజిస్ట్రీలో వెతకాలి. అక్కడ మీ పేరు ఉండదు. అందుకని ఇండియా కోడ్‌తో ప్రోగ్రామ్ చేసిన పీస్‌నే, ఇక్కడి డీలర్ దగ్గరే తీసుకోండి. రేడియో పరికరం కాబట్టి డబ్ల్యూపీసీ అనుమతి కూడా ఆయన్నే అడగండి. తర్వాత ఇండియన్ మిషన్ కంట్రోల్ సెంటర్ దగ్గర రిజిస్టర్ చేయండి. ఎమర్జెన్సీ నంబర్‌గా బోటులో ఉండే ఫోన్ ఇవ్వకండి, ఒడ్డున ఉండే మనిషిది ఇవ్వండి. మా మావయ్యకి నాది ఇచ్చాను.

రిజిస్ట్రేషన్ ఎందుకంటే, ఇలాంటి అలర్ట్‌లలో పొరపాటున వచ్చేవే ఎక్కువ. ఒడ్డున ఉన్న మనిషికి ఫోన్ చేసి "బోటు నిజంగా బయల్దేరిందా" అని కనుక్కోగలిగితే సెంటర్ వాళ్ళకి పని తేలికవుతుంది. మీరే పొరపాటున నొక్కితే భయపడి దాచేయకండి. ఆఫ్ చేసి, కోస్ట్ గార్డ్ 1554కి ఫోన్ చేసి చెప్పండి. మెరైన్ పోలీస్ నంబర్ 1093. ఈ రెండూ ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

చివరికి మావయ్య బోటులో ఏం పెట్టాం

ఇదంతా పట్టుకుని సంక్రాంతికి ఊరెళ్ళాను. ల్యాప్‌టాప్ తెరిచి స్ప్రెడ్‌షీట్ చూపిస్తూ మొదలుపెట్టాను. మావయ్య కాసేపు విని, "ఏరా అల్లుడూ, ఇలాంటిదేదో నా దగ్గరా ఉందిరా" అన్నారు. లోపలికి వెళ్ళి, బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చారు. అందులో డాట్. ఎన్నేళ్ల కిందటో వచ్చింది. కొత్తదానిలా మెరుస్తోంది. బ్యాటరీ డేట్ ఎప్పుడో అయిపోయింది.

"బోటులో పెట్టకుండా ఇక్కడ పెట్టావేంటి మావయ్యా?"

"రేవులో ఎవడైనా ఎత్తుకుపోతే? ఖరీదైందంట కదా, జాగ్రత్తగా దాచాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఆ 31 గంటలూ ఆ డబ్బా ఇంట్లో పట్టుచీరల పక్కన ఉంది. నేనేమో అమెరికా నుంచి ఏం తెప్పించాలా అని చూస్తున్నాను. మూడో ప్రశ్న గుర్తుందా? చేతికి అందుతుందా అని. స్పెక్ షీట్‌లో ఉండదు అది.

తర్వాత ఏం చేశామంటే: మత్స్యశాఖ దగ్గర బోటు రిజిస్ట్రేషన్ కాగితాలతో ట్రాన్స్‌పాండర్‌కీ, కొత్త డాట్‌కీ పేరు రాయించాం. గ్రామ మత్స్య సహాయకుల్ని కలిస్తే ప్రాసెస్ చెబుతారు. అవి వచ్చేదాకా ఆగకుండా, ఇండియా కోడ్ ఉన్న కేటగిరీ 2 ఈపీఐఆర్‌బీ ఒకటి నేను కొన్నాను. లోపల కాకుండా సరంగు పక్కన, బయట బిగించాం. దీనికి కారణం ఉంది. 2023 డిసెంబర్ 1న కాకినాడ తీరంలో వేట బోటులో మంటలు లేస్తే కోస్ట్ గార్డ్ 11 మందిని కాపాడింది. 2024 ఏప్రిల్ 5న విశాఖకి 65 నాటికల్ మైళ్ళ దూరంలో గ్యాస్ సిలిండర్ పేలి బోటు తగలబడితే, కోస్ట్ గార్డ్ నౌక వీర తొమ్మిది మందిని ఒడ్డుకి చేర్చింది. వంట చేసే చోటు, ఇంజన్ ఉండే చోటు దగ్గర బీకన్ పెడితే, మంటలు లేచినప్పుడు దాని దగ్గరికి వెళ్ళలేరు.

ఇంకో పని కూడా చేశాం. కళాసీలందర్నీ కూర్చోబెట్టి, సీల్ ఎలా విప్పాలి, ఏ బటన్ ఎంతసేపు నొక్కాలి అని నేర్పించాం. నిజంగా ఆన్ చేయలేదు, సెల్ఫ్ టెస్ట్ బటన్‌తోనే. నీళ్ళలో పడింది సరంగే అయితే నొక్కాల్సింది మిగతా వాళ్ళు కదా. నెలకొకసారి సెల్ఫ్ టెస్ట్ డ్యూటీ అందరికన్నా చిన్న కుర్రాడిది. వాడికి ఫోన్ కన్నా అదంటే ఎక్కువ సరదా ఇప్పుడు.

ఎవరు ఏది తీసుకోవాలి

ఫ్రెండ్స్‌తో కాకినాడ నుంచి హోప్ ఐలాండ్ దాకా వెళ్ళొచ్చే వాళ్ళకి బీకన్ అక్కర్లేదు. లైఫ్ జాకెట్, వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో ఫోన్, ఒడ్డున ఒకరికి తిరిగొచ్చే టైమ్ చెప్పడం చాలు.

ఫోన్ సిగ్నల్ దాటి ఒక్కరోజు వేటకి వెళ్ళే ఫైబర్ బోటుకి: డాట్-ఎస్‌జీ లేదా ట్రాన్స్‌పాండర్ ఏది ముందు దొరికితే అది, దాంతో పాటు ఒక వీహెచ్‌ఎఫ్ సెట్. డబ్బు కుదిరితే కేటగిరీ 2 ఈపీఐఆర్‌బీ.

రోజుల తరబడి లోపల ఉండే మర బోట్లకి: ట్రాన్స్‌పాండర్, వీహెచ్‌ఎఫ్, కేటగిరీ 1 ఈపీఐఆర్‌బీ మూడూ ఉండాలి. ఇక్కడ పొదుపు చేయకండి.

కయాక్, సెయిలింగ్ వాళ్ళకి: ఇండియా కోడ్ ఉన్న పీఎల్‌బీ, ఒంటికి తగిలించుకుని.

మీ ఇంట్లో వేటకి వెళ్ళే మనిషి ఉంటే, కొత్తది ఆర్డర్ చేసేముందు ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లో బీరువా తెరిచి చూడండి. అందులో ఏదైనా ఉంటే బ్యాటరీ డేట్ చూసి, బాగు చేయించి, బోటులో పెట్టించండి. మావయ్య బోటులో ఈపీఐఆర్‌బీ బిగించి ఇప్పటికి ఎనిమిది నెలలు. ఒక్కసారి కూడా వాడాల్సిన అవసరం రాలేదు. ఆయన వేటకి వెళ్ళిన రాత్రి నేను ఇప్పటికీ వాట్సాప్ చూస్తాను. 4 గంటల ప్రాంతంలో చుక్క ఆగిపోతుంది. ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టి పడుకోగలుగుతున్నాను.